ఎక్కేటప్పుడే దిగే దారి చూసుకుందాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

"బస్సుల ఇంజనీరువి కదా, అందరికీ పనికొచ్చేది ఏదన్నా చెప్పు" అని నిర్వాహకులు అడిగారు. కరెంటు బస్సుల గురించి మాట్లాడదామని మొదట కాగితాలు రాసుకున్నాను. పది రోజుల కిందట మన వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా చూశాక ఆ కాగితాలు పక్కన పెట్టాను.

ఆ జాబితా మీరూ చూసే ఉంటారు. ఉత్సవాలు అయిపోయాక మన సంఘం తరఫున పదకొండు రోజుల దక్షిణ యాత్ర. శ్రీశైలం, తిరుపతి, అరుణాచలం, మధుర, రామేశ్వరం. కిరాయి బస్సు. నలభై రెండు మంది. వారిలో మనకు పాఠాలు చెప్పిన సార్లు, టీచర్లు ఆరుగురు. వెంట వంటాయన, ఇద్దరు సహాయకులు. కింద తీసుకెళ్లే సామాన్లు: బియ్యం, కందిపప్పు, చింతపండు, పల్లీలు, రెండు పెద్ద గంజులు, జల్లిగంటెలు. నాలుగో వరుసలో: గ్యాస్ సిలిండర్లు 3, పొయ్యిలు 2.

ఆ జాబితా కింద బొటనవేలు గుర్తు పెట్టి "బాగుంది" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ముప్పై ఏళ్లు బస్సుల బాడీలు, వైరింగులు చూసినవాణ్ణి. నాకే తట్టలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. ఆ నాలుగో వరుస గురించే ఈ రోజు మాట్లాడతాను.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. వాళ్లు సెలవుల్లో మోటార్ హోమ్ అని ఒక బండి కిరాయికి తీసుకుంటారు. అదొక కదిలే ఇల్లు. అందులోనే పడక, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది. ఒకసారి నేనూ ఎక్కాను. నాకు నచ్చింది పరుపులు కాదు. నేలకు జానెడు ఎత్తులో గ్యాస్ కారితే మోగే చిన్న యంత్రం ఉంది. పైకప్పుకు పొగ వస్తే మోగేది ఉంది. తలుపు దగ్గర మంటలార్పే సిలిండర్ ఉంది. పడక పక్కన బయటికి తోస్తే ఊడి తెరుచుకునే కిటికీ ఉంది. అక్కడ ఇలాంటి బండ్లకు ఎన్‌ఎఫ్‌పీఏ 1192 అని ఒక ప్రమాణం ఉంది. ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. ఇన్ని ఉన్నా అక్కడ కూడా మోటార్ హోములు కాలుతూనే ఉంటాయి. పడక, పొయ్యి, ఇంధనం, బ్యాటరీ నాలుగూ ఒకే రేకు డబ్బాలో ఉంటే ప్రమాదం ఎప్పుడూ పక్కనే కూర్చుని ఉంటుంది.

మన దగ్గర మోటార్ హోములు ఎక్కడివి అంటారేమో. ఉన్నాయి. పేరే వేరు. కాశీ యాత్ర బస్సు మన మోటార్ హోమ్. పది పదిహేను రోజులు అందులోనే నిద్ర, డిక్కీలో వంటిల్లు, పైన బట్టల మూటలు, డ్రైవర్ ముందర దేవుడి పటం, పటం ముందర అగరుబత్తి. ఒక్క తేడా: ఆ మోటార్ హోములో నలుగురో ఆరుగురో పడుకుంటారు, మన బస్సులో నలభై ఐదు మంది.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2023 ఆగస్టు 26న తెల్లవారుజామున మధుర రైల్వే స్టేషన్ దగ్గర ఆపి ఉంచిన ఒక యాత్రా బోగీ కాలిపోయింది. లక్నో నుంచి బయల్దేరి దక్షిణాది క్షేత్రాలు చూస్తూ వస్తున్న యాత్రికులు అందులో ఉన్నారు. రైల్లోకి సిలిండర్ తేవడం చట్టం ఒప్పుకోదు. అయినా తెచ్చారు. పొద్దున్నే టీ పెట్టుకోవడానికి పొయ్యి ముట్టించారు. తొమ్మిది మంది చనిపోయారు. బండి కదలడం లేదు, ఢీకొన్నదీ లేదు, చుట్టూ స్టేషన్, మనుషులు ఉన్నారు. అయినా తొమ్మిది మంది పోయారు. మన జాబితాలో కూడా మధుర ఉంది.

2025 జనవరిలో సంక్రాంతి రోజుల్లో మన నిర్మల్ జిల్లా నుంచి వెళ్లిన యాత్రికుల బస్సు బృందావనంలో కాలిపోయింది. అది కూడా ఆగి ఉన్న బస్సే. చాలామంది దర్శనానికి దిగి వెళ్లారు కాబట్టి బతికారు. బస్సులో ఉండిపోయిన ఒక పెద్దాయన కాలిపోయారు. దైవ దర్శనానికి వెళ్లిన మనిషిని అలా ఇంటికి తేవలసి వచ్చింది.

ఇక నడిచే బస్సులు. పాలెం మనకు దూరం కాదు. 2013 అక్టోబర్ 30, దీపావళి నాలుగు రోజులుందనగా, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కొత్తకోట దగ్గర పాలెం వద్ద కల్వర్టు గోడను రాసుకుంది. డీజిల్ ట్యాంకు పగిలింది. 45 మంది సజీవ దహనమయ్యారు. ఎవరు ఎవరో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే గానీ తెలియలేదు. అది జరిగిన పదిహేను రోజులకే కర్ణాటకలో హావేరి దగ్గర ఇంకో బస్సు దాదాపు అదే తీరుగా కాలి ఏడుగురు పోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబర్ 24న, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద రోడ్డు మీద పడి ఉన్న మోటార్ సైకిల్ మీదికి ఎక్కి దాన్ని కింద ఈడ్చుకుపోయింది. బండి పెట్రోలు, రోడ్డుకు రాసుకున్న ఇనుము నిప్పురవ్వలు. బస్సులో 19 మంది చనిపోయారు. అదీ తెల్లవారుజామే. పాలెమూ తెల్లవారుజామే. మధురా తెల్లవారుజామే. నిద్రలో ఉన్నప్పుడు వచ్చే నిప్పు ఇది.

మన సైన్సు సారు ఏడో తరగతిలో దీపం మీద గాజు గ్లాసు బోర్లించి చూపించారు. దీపం కాసేపటికి ఆరిపోయింది. "కాలే వస్తువు, గాలి, వేడి. మూడూ కలిస్తేనే మంటరా. ఒకటి తీసెయ్యి, చాలు" అన్నారు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. బస్సులో గాలిని తీసెయ్యలేం. మిగిలినవి రెండే: కాలే వస్తువును తగ్గించాలి, వేడిని దానికి దూరంగా ఉంచాలి.

ముందు గ్యాస్ సంగతి. వంటగ్యాసు గాలి కంటే బరువు, దాదాపు రెండింతలు. కారితే పైకి పోదు, నీళ్లలాగా కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. ఇంట్లో అయితే గడప దాటి బయటికి పోవచ్చు. బస్సు డిక్కీకి గడప లేదు, మూత ఉంది. గాలిలో నూటికి రెండు పాళ్లు గ్యాసు కలిస్తే చాలు, అంటుకుంటుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. డిక్కీ 6 ఘనపు మీటర్లు అనుకుంటే అందులో రెండు పాళ్లంటే 120 లీటర్ల గ్యాసు. తూకంలో సుమారు పావు కిలో. మన ఇంటి సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. అంటే డిక్కీ మొత్తాన్ని బాంబు చేయడానికి ఒక సిలిండర్‌లో యాభయ్యో వంతు కారితే సరిపోతుంది.

ఇంకో సంగతి. సిలిండర్ నిలబెట్టి ఉంటే పైన గ్యాసు, కింద ద్రవం ఉంటాయి. డిక్కీ ఎత్తు చాలదని దాన్ని పడుకోబెడతారు. అప్పుడు వాల్వు దగ్గరికి ద్రవం వస్తుంది. ఆ ద్రవం బయటికి కారితే ఒక లీటరు సుమారు 250 లీటర్ల గ్యాసు అవుతుంది. పైగా గుంతల రోడ్డు మీద వందల కిలోమీటర్లు కుదుపులు. రబ్బరు ట్యూబు మీద బియ్యం బస్తా. పక్కనే వేడెక్కిన టైరు.

ఇది నేను కళ్లారా చూసిందే. ఇరవై ఏళ్ల కింద మా అమ్మను కాశీకి తీసుకుపోయాను. ఆదిలాబాద్ దాటాక రాత్రి ఒక దాబా దగ్గర బస్సు ఆగింది. అందరం పడుకున్నాం. అమ్మ నన్ను తట్టి లేపింది. "ఏందో కుళ్లిన వాసన అస్తున్నది బిడ్డా" అన్నది. నేను డ్రైవర్‌ను అడిగాను. "డీజిల్ వాసన సార్, పండుకోండి" అన్నాడు. నేను పడుకున్నాను. ఇంజనీరును, పడుకున్నాను. అమ్మ పడుకోలేదు. దిగి డిక్కీ దగ్గరికి పోయి వంటాయనను లేపింది. మూత తీస్తే వాసన గుప్పున కొట్టింది. రెగ్యులేటర్ తీయకుండానే సిలిండర్‌ను పడుకోబెట్టారు. ట్యూబు బస్తా కింద నలిగి చీలింది. డిక్కీ మూతకు రెండడుగుల దూరంలో క్లీనర్ బీడీ వెలిగించుకోబోతున్నాడు. అమ్మ అతని చేతిలోంచి అగ్గిపెట్టె గుంజుకున్నది. అంతే జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అది ఏ పేపర్లోనూ రాలేదు. గ్యాసుకు సహజంగా వాసన ఉండదు. కారితే తెలియాలనే ఆ కుళ్లిన వాసన కలుపుతారు. చదువుకున్న నేను డ్రైవర్ మాట విన్నాను, చదువుకోని మా అమ్మ ముక్కు మాట విన్నది.

రెండోది కరెంటు. ఇది నా తప్పు, అందుకే వివరంగా చెప్తాను. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక బస్సుకు అదనంగా ఫ్యాన్లు, టీవీ, లైట్లు పెట్టించారు. ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తున్నది. మా ఎలక్ట్రీషియన్ 10 ఆంపియర్ల ఫ్యూజు తీసి 30 ఆంపియర్లది పెట్టాడు. ఇక కొట్టెయ్యలేదు. యజమాని సంతోషపడ్డాడు, నేను కాగితం మీద సంతకం పెట్టాను. రెండు నెలలకు ఆ బస్సు నడుస్తుండగా ప్లైవుడ్ వెనక పొగ వచ్చింది. క్లీనర్ తెలివైనవాడు, బ్యాటరీ వైరు పీకేశాడు. విప్పి చూస్తే వైరు తొడుగు బారెడు పొడుగున బొగ్గయి ఉంది.

ఫ్యూజు ఫ్యాన్‌ను కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. సన్న వైరు మోయగలిగినంత కంటే ఎక్కువ కరెంటు పోతే వైరు వేడెక్కకముందే ఫ్యూజు తెగాలి. లావు ఫ్యూజు పెడితే ఫ్యూజు మిగులుతుంది, వైరే ఫ్యూజు అవుతుంది. 12 వోల్టులో 24 వోల్టులో ఉంటే షాకు కొట్టదు కాబట్టి ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు. షాకు కొట్టదు, నిజమే. కానీ బస్సు బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారగలవు. స్పానర్ రెండు కొసలకూ తగిలితే కొలిమిలో పెట్టినట్టు ఎర్రబడుతుంది. ఇంకోటి: రేకుకు రంధ్రం చేసి వైరు దూర్చినప్పుడు అక్కడ రబ్బరు బుష్ లేకపోతే, కుదుపులకు రేకు అంచు రంపంలాగా వైరును కోస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బస్సు కంటే, తర్వాత లైట్లు, చార్జింగ్ పాయింట్లు, ఇన్వర్టర్ తగిలించిన బస్సు దగ్గర ఎక్కువ జాగ్రత్త ఉండాలనేది ఇందుకే.

మూడోది డీజిల్. డీజిల్ పెట్రోలులాగా భగ్గుమనదు అంటాం. కానీ సుమారు 210 నుంచి 250 డిగ్రీల వేడి వస్తువు మీద పడితే నిప్పురవ్వ లేకుండానే అంటుకోగలదు. ఘాటు రోడ్డు ఎక్కుతున్న ఇంజిన్ టర్బో, సైలెన్సర్ మొదలు అంతకంటే ఎక్కువే కాలుతుంటాయి. దాని మీద డీజిల్ పైపు జాయింటు చుక్కచుక్కగా కారుతుంటే, ఆ చుక్కలు ఏదో ఒక రోజు లెక్క తేలుస్తాయి. ఇంజిన్ మీద నూనె మడ్డి, మిగిలిపోయిన గుడ్డ పేలిక కూడా అంతే. శ్రీశైలం ఘాటు మన యాత్రలో మొదటి రోజే ఉంది.

మంట ఎలా పుట్టినా, దాన్ని పెంచేది లోపలి సామానే. సీట్ల నురుగు, రెగ్జిన్, పరుపులు, కర్టెన్లు. మన దేశంలో బస్సు లోపలి సామానుకు ఒక పరీక్ష ఉంది, ఐఎస్ 15061. ముక్కను అడ్డంగా పట్టి అంటించి చూస్తారు. నిమిషానికి 100 మిల్లీమీటర్లు మించి కాలకూడదు. పర్వాలేదు అనిపిస్తుంది. కానీ బస్సులో కర్టెన్ అడ్డంగా ఉండదు, నిలువుగా వేలాడుతుంది. నిలువు గుడ్డ కింద అంటిస్తే ఎంత తొందరగా కాలుతుందో దీపావళి నాడు చీర కొంగు అంటుకోవడం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

చాలామందిని చంపేది మంట కాదు, పొగ. కాలే నురుగు నుంచి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వస్తాయి. రెండూ విషవాయువులే. కొన్ని ఊపిర్లలోనే మనిషి తూలిపోతాడు. పొగ పైకి లేచి కప్పు కింద పేరుకుంటుంది, కాబట్టి పై బెర్తుల్లో ఉన్నవాళ్లకు ముందు తగులుతుంది. గట్టిగా రెండు మూడు నిమిషాలు చేతిలో ఉంటాయనుకుంటే మంచిది. ఆ రెండు నిమిషాల్లో నలభై ఐదు మంది ఒకే తలుపు నుంచి దిగలేరు. మీరే ఒకసారి లెక్క పెట్టుకోండి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెట్టు దిగడానికి ఎంత సేపు పడుతుందో.

ఇంతవరకూ భయపెట్టాను. ఇప్పుడు చేయగలిగినవి చెప్తాను. ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు.

మొదటిది. బస్సులో సిలిండర్ వద్దు. నిండుదీ వద్దు, ఖాళీదీ వద్దు, ఎందుకంటే ఖాళీ అన్న సిలిండర్‌లో కూడా కొంత గ్యాసు మిగిలే ఉంటుంది. "అన్నేండ్ల నుంచి తీస్కపోతలేమా, ఏమైంది?" అని అడుగుతారు. ఏమీ కాలేదు, నిజమే. మా అమ్మ బస్సుకూ ఏమీ కాలేదు. మరి వంట ఎలా? మనం ఆగే ప్రతి క్షేత్రంలో సత్రాలున్నాయి. ముందే ఫోన్ చేస్తే వంటగది, పొయ్యి, గ్యాస్ అక్కడే కిరాయికి ఇచ్చేవి చాలా ఉన్నాయి. మన బియ్యం, మన పప్పు, మన వంటాయన, వాళ్ల పొయ్యి. దారి మధ్యలో పులిహోర, సద్ద రొట్టెలు, అటుకులు, పండ్లు. అదీ కుదరదంటే వంట సామాను కోసం చిన్న వ్యాను వేరుగా పెట్టుకుందాం. అందులో కూడా సిలిండర్ నిలబెట్టి కట్టాలి, రెగ్యులేటర్ తీసి మూత పెట్టాలి, మనుషులు కూర్చోకూడదు.

రెండోది. బస్సు మాట్లాడేటప్పుడు ఏసీ ఎట్లుంది, సీటు ఎంత వెనక్కి వాలుతుంది అని అడుగుతాం. ఇంకో ఐదు అడగాలి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేదీ ఎంత? అత్యవసర ద్వారం ఎక్కడ, అది తెరుచుకుంటుందా? మంటలార్పే సిలిండర్లు ఎన్ని, ముల్లు పచ్చ గీత మీద ఉందా? అద్దం పగలగొట్టే సుత్తులు ఉన్నాయా? బ్యాటరీని ఒక్కసారిగా తెంపే స్విచ్ ఉందా, డ్రైవర్‌కు తెలుసా? అత్యవసర ద్వారం ముందర అదనపు సీటు బిగించి ఉంటే ఆ బస్సు వద్దు. సగం కిరాయికి ఇచ్చినా వద్దు.

మూడోది. డిక్కీలో ఎవరి పార్శిళ్లూ ఎక్కించనివ్వకూడదు. కర్నూలు బస్సు సామాన్ల అరలో సెల్‌ఫోన్ల పార్శిల్ ఉన్నట్టు దర్యాప్తులో బయటికి వచ్చింది. లిథియం బ్యాటరీ ఒకటి అంటుకుంటే పక్కదాన్ని అంటిస్తుంది. మన సంచుల్లో పవర్ బ్యాంకులు కూడా అవే. చార్జింగ్‌లో పెట్టి దిండు కింద పెట్టుకుని పడుకోవద్దు.

నాలుగోది కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్తాను. బస్సులో హారతి వద్దు. కొబ్బరికాయ బయట కొడదాం, కర్పూరం బయట వెలిగిద్దాం, బస్సు చుట్టూ తిరిగి దండం పెడదాం. లోపల అగరుబత్తి, బీడీ, సిగరెట్టు ఏదీ వద్దు. దేవుడు ఏమీ అనుకోడు.

ఐదోది. ఎక్కగానే ప్రతి ఒక్కరూ తన సీటు నుంచి తలుపుకు ఎన్ని సీట్లో, అత్యవసర ద్వారానికి ఎన్ని సీట్లో చేత్తో తడుముతూ లెక్క పెట్టుకోవాలి. పొగలో కళ్లు కనపడవు, వేళ్లు లెక్క మరచిపోవు. బయల్దేరే ముందు అందరం ఒకసారి అత్యవసర ద్వారం నుంచి దిగి చూద్దాం. నవ్వులాటగా ఉంటుంది, ఉండనీయండి. పెద్దవాళ్లను ముందు తలుపు దగ్గర కూర్చోబెడదాం, పక్కన ఒక్కొక్క పడుచువాడిని పెడదాం. మా సైన్సు సారును నేను దింపుతాను, ఇప్పుడే చెప్తున్నా.

ఇన్ని చేసినా మంట వస్తే? ఎవరికి వాసన వచ్చినా, పొగ కనపడినా, పొరపాటేమో అనుకోకుండా గట్టిగా అరవాలి. డ్రైవర్ బస్సు పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, తలుపు తీసి, బ్యాటరీ స్విచ్ తెంపాలి. గాలితో నడిచే తలుపు తెరుచుకోకపోతే దాని దగ్గర ఎర్ర గుబ్బ ఉంటుంది. దాన్ని తిప్పితే గాలి పోయి చేత్తో తోస్తే తెరుచుకుంటుంది. అది ఎక్కడుందో అందరూ ముందే చూసుకోవాలి. అద్దం పగలగొట్టాలంటే పక్క కిటికీనే కొట్టాలి. నడిమధ్యన కాదు, మూలకు కొట్టాలి. ముందు పెద్ద అద్దం మధ్యలో పొర ఉంటుంది, బీటలు వారుతుంది గానీ ఊడదు. పొగ కమ్మితే వంగి, తడి గుడ్డ ముక్కుకు పెట్టుకుని నేల దగ్గరగా కదలాలి. సంచి కోసం, చెప్పుల కోసం, ఫోన్ కోసం వెనక్కి పోవద్దు. మనుషులు దిగాకే మంటలార్పే సిలిండర్ సంగతి. అది పావు నిమిషం, ఇరవై సెకన్లు వస్తుంది, అంతే. పిన్ను పీకి, మంట పైన కాదు, మంట మొదట్లో కొట్టాలి. ఇంజిన్ మూత పూర్తిగా ఎత్తితే గాలి అంది మంట లేస్తుంది. సందులోంచే కొట్టాలి. ఆరకపోతే వదిలేసి వంద అడుగులు దూరం పోవాలి. బస్సుకు ఇన్సూరెన్స్ వస్తుంది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. బస్సు కాలిన ప్రతిసారీ పేపర్లో డ్రైవర్ మీద, యజమాని మీద, అధికారుల మీద రాస్తారు. అవన్నీ సరైనవే, వాళ్ల వాళ్ల బాధ్యత వాళ్లకు ఉంది. కానీ డిక్కీలో సిలిండర్ పెట్టేది మనం. అత్యవసర ద్వారం ముందర మూటలు పేర్చేది మనం. జాబితా కింద బొటనవేలు పెట్టేది మనం.

కాబట్టి కమిటీకి నా మనవి. జాబితాలో నాలుగో వరుస కొట్టేయండి. దాని స్థానంలో మూడు వస్తువులు రాయండి: 6 కిలోల మంటలార్పే సిలిండర్లు రెండు, అద్దం పగలగొట్టే సుత్తులు ఎనిమిది, టార్చిలైట్లు నాలుగు. వాటి ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. మా బ్యాచ్‌ను ఇంకా అడగలేదు, ఇక్కడే కూర్చున్నారు కాబట్టి కాదనరు. బస్సు బయల్దేరే ముందు రోజు సాయంత్రం నేను మర్రిగూడ వస్తాను. పాత అంగీ వేసుకుని బండి కింద పడుకుని డీజిల్ పైపులు, వైర్లు, బ్యాటరీ పెట్టె చూస్తాను. నాకు నచ్చకపోతే బస్సు మార్చమంటాను. అప్పుడు ఎవరూ కోపం తెచ్చుకోవద్దు.

పదకొండు రోజుల తర్వాత నలభై రెండు మందీ ఇదే బడి ముందర దిగాలి. ఫోటో అప్పుడు తీసుకుందాం.